పద్నాలుగు రోజుల యుద్ధం, పద్నాలుగు నెలల ఇసుక

మా చిన్న మనవడు అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. బయలుదేరే ముందు "తాతా, నీకు తెలిసింది ఒక కాగితం మీద రాసివ్వు" అన్నాడు. కాగితం చాల్లేదు. వాడికి రాసిచ్చిందే కొంచెం పెంచి ఇక్కడ పెడుతున్నాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా వైపు పట్టాళానికి వెళ్ళడం కొత్తేమీ కాదు. 1968లో, పద్దెనిమిదేళ్ళప్పుడు నేనూ చేరాను. నీలగిరుల్లో వెల్లింగ్టన్ చలిలో శిక్షణ అయింది. 1971 అక్టోబర్‌లో మా బెటాలియన్‌ని రైలెక్కించి రాజస్థాన్‌లో బాడ్మేర్ వైపు దించారు. అప్పటికి నేను లాన్స్ నాయక్‌ని, పదిమంది సెక్షన్‌లో రెండోవాణ్ణి. డిసెంబర్ 3 సాయంత్రం యుద్ధం మొదలైంది, 17 రాత్రి ఎనిమిదింటికి ఆగింది. పద్నాలుగు రోజులు. మేం ఎడారిలో ఉన్నది మాత్రం పద్నాలుగు నెలలు. ముందు శిక్షణ, తర్వాత సింధ్‌లో పట్టుకున్న నేలకు కాపలా, ఆ కాపలాలోనూ మళ్ళీ శిక్షణే. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం కుదిరినా, మేం వెనక్కి తిరిగేసరికి ఆ ఏడు డిసెంబర్ వచ్చింది. సినిమాలవాళ్ళకు పద్నాలుగు రోజులు చాలు. నాకు గుర్తున్నదంతా మిగతా కాలమే.

1. గడియారం ఐదు కొట్టినంత మాత్రాన తెల్లారదు

మా ఊళ్ళో ఐదున్నర, ఆరయ్యేసరికి తూర్పు ఎర్రబడుతుంది. బాడ్మేర్ దేశానికి పడమటి అంచు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం తీరిగ్గా వస్తాడు. డిసెంబర్‌లో ఏడు దాటితేగాని పొద్దు పొడవదు. మమ్మల్ని ఐదింటికే లేపేవారు. బూట్లు తలకిందులు చేసి దులపడం మొదటి పని, ఎందుకంటే తేళ్ళకు బూటంత వెచ్చటి ఇల్లు ఆ ఇసుకలో ఇంకోటి లేదు. తర్వాత గుంటల్లోకి దిగి తుపాకీ గురిపెట్టి నిలబడాలి. దాన్ని స్టాండ్-టు అంటారు. శత్రువు వస్తే మసక వెలుతురులోనే వస్తాడని, తెల్లారేప్పుడూ పొద్దుగూకేప్పుడూ కంపెనీలో నూట ఇరవై మందిమీ, లంగర్‌లో వంటవాళ్ళతో సహా, అలా నిలబడేవాళ్ళం. యుద్ధం రోజులు పక్కనపెడితే, మిగతా నెలల్లో మా గుంట ముందుకు వచ్చింది నక్కలూ మేకలే.

స్టాండ్-టు అయ్యాక టీ, గడ్డం, తుపాకీ శుభ్రం, పూరీ, ఆపైన కసరత్తు. గడ్డం దగ్గర మా కంపెనీ హవల్దార్ మేజర్ అసలు ఊరుకునేవాడు కాదు. చెంప మీద వేలు రాసి చూసేవాడు. నీళ్ళు లేవంటే "టీ తాగావు కదా, అడుగున మిగల్లేదా?" అనేవాడు. నిజంగానే టీతో గీసుకునేవాళ్ళం. పాలు కలిసిన టీ అయితే చర్మం మెత్తబడుతుందని మాలో ఒకడు కనిపెట్టాడు. ఆ సంగతి ఈగలు కూడా కనిపెట్టాయి. అప్పట్లో ఆయన్ని బూతులు తిట్టుకున్నాను. వేసవి వచ్చాక తెలిసింది. గడ్డం వదిలేసినవాడు వారం తిరక్కుండా తుపాకీ తుడవడం వదిలేస్తాడు, ఆ తర్వాత కాళ్ళు కడుక్కోవడం కూడా.

2. గంజి పారబొయ్యకు

నీళ్ళు ట్యాంకర్లో వచ్చేవి. ట్యాంకర్ ఇసుకలో కూరుకుపోతే ఒంటెల మీద వచ్చేవి. ఒంటెకు రెండు వైపులా వేలాడే లోహపు డబ్బాలను పఖాల్ అంటారు. చుట్టుపక్కల బావులున్నాయి గానీ చాలావాటిలో నీళ్ళు ఉప్పుగా ఉండేవి. ఆ నీళ్ళతో చేసిన టీకి పంచదార ఎంత వేసినా అదోరకం రుచి. తాగడానికి మనిషికి రోజుకు రెండు సీసాలు, మిగతా సమస్తానికీ ఒక మగ్గు. ఆ మగ్గులోనే పళ్ళు, మొహం, మెడ, చివర్న కాళ్ళు. వరస తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మెస్ టిన్నులు ఇసుకతోనే తోముకునేవాళ్ళం. ఇంట్లో బూడిదతో తోమినట్టే, తెల్లగా వచ్చేవి. మా దక్షిణాది కంపెనీకి అసలు తంటా అన్నంతోనే వచ్చింది. రొట్టెకు పిండి తడిస్తే చాలు, అన్నానికి నీళ్ళు కావాలి. మా వంటాయన ఎసరు కొలిచి పోసేవాడు. వార్చిన గంజిలో ఉప్పు వేసి పక్కన పెట్టి, మధ్యాహ్నం కసరత్తు నుంచి వచ్చినవాడికల్లా ఒక గ్లాసు ఇచ్చేవాడు. ఉప్పు బిళ్ళలు కూడా ఇచ్చేవారు గానీ అవి మింగితే కడుపులో తిప్పేది. గంజి తాగితే ఏమయ్యేది కాదు. మా అమ్మ వేసవిలో పొలానికి పట్టుకొచ్చేదీ ఉప్పు గంజే కాబట్టి నాకది వైద్యంలా అనిపించలేదు, ఇల్లు గుర్తొచ్చేది.

అక్కడి జనానికి నీళ్ళ విలువ మాకంటే బాగా తెలుసు. నెయ్యి ఒలికినా ఫర్వాలేదు, నీళ్ళు ఒలికితే ప్రాణం తరుక్కుపోతుందని మార్వాడీలో సామెతే ఉంది. ఢాణీల్లో, అంటే నాలుగైదు గుండ్రటి గుడిసెలుండే పల్లెల్లో, దాహం అంటే ముందు మజ్జిగే ఇచ్చేవారు. మొదట్లో అది మర్యాద అనుకున్నాను. మర్యాదతో పాటు లెక్క కూడా ఉంది. ఆవు వాకిట్లో ఉంటుంది, బావి ఎక్కడో ఉంటుంది.

3. దాచుకున్న నీళ్ళు నిన్ను కాపాడవు

మనవడికి రాసినప్పుడు దీన్నే అన్నిటికంటే ముందు రాశాను.

ఆ రోజుల్లో సైన్యంలో ఒక నమ్మకం ఉండేది. మనిషిని కొద్దికొద్దిగా తక్కువ నీళ్ళకు అలవాటు చెయ్యొచ్చని, ఆకలిని ఓర్చుకున్నట్టే దాహాన్నీ ఓర్చుకోవచ్చని. నాకు అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్పాను. దానికి తోడు రాత్రి గస్తీ నియమం ఒకటుంది. సీసా నిండుగానైనా ఉండాలి, ఖాళీగానైనా ఉండాలి. సగం సీసా నడకలో గుడగుడమంటుంది, నిశ్శబ్దమైన ఎడారిలో ఆ చప్పుడు చాలా దూరం పోతుంది. అందుకని నా సెక్షన్ పిల్లలకు "చెప్పేదాకా మూత తియ్యొద్దు" అని గట్టిగా చెప్పేవాణ్ణి.

1972 మే నెల. నీడలోనే నలభై ఐదు దాటుతున్న రోజులు. తెల్లవారుజామున బయలుదేరి తొమ్మిదికల్లా తిరిగి రావాల్సిన కసరత్తు, దారి తప్పి పదకొండు దాటింది. మాతో శ్రీకాకుళం వైపు కుర్రాడు ఒకడుండేవాడు, పందొమ్మిదేళ్ళు. ఎప్పుడూ నవ్వించేవాడు. ఆ రోజు ఉన్నట్టుండి చిరాకు పడటం మొదలుపెట్టాడు. కాసేపటికి "ఉస్తాద్, అదిగో చెరువు" అన్నాడు. ఎడారిలో ఎండమావి అందరికీ కనిపిస్తుంది కాబట్టి నవ్వి ఊరుకున్నాం. ఇంకో వంద అడుగులు వేశాక మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పట్టుకుంటే ఒళ్ళు పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. మా అందరి చొక్కాల మీదా చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. వాడి మొహం మాత్రం పొడిగా, ఎర్రగా ఉంది.

నడుముకున్న సీసా లాగి ఊపి చూశాను. చప్పుడు కాలేదు. మూత తీస్తే నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. పొద్దున్నుంచి ఒక్క గుటక తాగలేదు. నేను చెప్పలేదు కాబట్టి తాగలేదు.

ఫోగ్ పొద నీడలోకి లాగి, బట్టలు విప్పి, ఎనిమిది మందిమి మా సీసాలన్నీ వాడి మీద పోశాం. ఇద్దరు చొక్కాలతో విసురుతూ ఉండిపోయారు. నేనూ ఇంకొకడూ లారీ కోసం పరిగెత్తాం. ఆ రోజు వాడు బతకడం మా గొప్ప కాదు, లారీ దగ్గర్లో ఉండటమే. నెలరోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. తర్వాత చల్లటి చోటుకు బదిలీ చేశారు.

దాహాన్ని అలవాటు చెయ్యడం కుదరదని ఆ తర్వాత ఏళ్ళల్లో డాక్టర్లే మాకు క్లాసులు చెప్పారు. ఎండకు ఒళ్ళు కొంత అలవాటు పడుతుంది, దానికి వారం పది రోజులు పడుతుంది. కాని అలవాటు పడిన ఒళ్ళు తక్కువ నీళ్ళు అడగదు, ఇంకా ఎక్కువ చెమట పోసి ఎక్కువ అడుగుతుంది. నీళ్ళు ఉండాల్సింది కడుపులో. రేషన్ తక్కువైతే పని తగ్గించుకోవాలి, పగటి నడక మానుకోవాలి. తాగడం మాత్రం తగ్గించకూడదు. నేను చెప్పింది అప్పటి రివాజే అని మావాళ్ళు చాలామంది సర్దిచెప్పారు. సర్దుకోలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు తాత అయ్యాడు, మే నెలలో ఫోన్ చేస్తాడు. నన్నేమీ అనడు. "తాగుతున్నావా ఉస్తాద్?" అని మాత్రం అడుగుతాడు.

4. తుపాకీని ముద్దు చెయ్యకు

వెల్లింగ్టన్ వానల్లో తుపాకీకి ఎంత నూనె రాస్తే అంత మంచిది. ఎడారిలో అదే అలవాటుతో మా సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కు పెళ్ళికూతురికి రాసినట్టు నూనె పట్టించాను. సాయంత్రం ఆంధీ వచ్చింది. ఆ ఇసుక తుఫానులో ధూళంతా నూనెకు అంటుకుని లోపల గంధపు ముద్దలా తయారైంది. మర్నాడు ఫైరింగ్‌లో రెండో గుండుకే ఇరుక్కుపోయింది. పొడిగా తుడిచి, రుద్దుకునే చోట మాత్రం చేతికి అంటీ అంటనట్టు నూనె రాసి, మూతికి గుడ్డ కట్టాలి. ఇంతే పాఠం. నేర్చుకోవడానికి నాకు మూడు రోజుల అదనపు డ్యూటీ పట్టింది.

5. ఇసుకలో అడుగుల లెక్క కలవదు

పగలు ఎండ కాబట్టి ఎడారిలో కంపెనీ కదిలేది రాత్రిళ్ళే. గుర్తుకు చెట్టు లేదు, గుట్ట లేదు. నిన్న ఉన్న ఇసుక దిబ్బ మూతి ఇవాళ తిరిగి ఉంటుంది. అందుకని ఒకడి చేతిలో కంపాస్, ఇంకొకడి నోట్లో అడుగుల లెక్క. ధ్రువ నక్షత్రం మన ఊళ్ళో కంటే అక్కడ ఇంకాస్త ఎత్తులో కనిపిస్తుంది, కాబట్టి దిక్కుకు ఇబ్బంది లేదు. దూరంతోనే వస్తుంది. ముప్ఫై అంగుళాల అడుగుతో నూట ఇరవై అడుగులు నడిస్తే వంద గజాలని పరేడ్ మైదానంలో నేర్చుకున్నాం. మెత్తటి ఇసుక దిబ్బ ఎక్కేప్పుడు వేసిన అడుగు సగం వెనక్కి జారుతుంది. నోరు మాత్రం లెక్కపెడుతూనే ఉంటుంది.

ఒక రాత్రి లెక్క నాది. నాలుగు మైళ్ళ లెక్క పూర్తిచేసి "వచ్చేశాం" అన్నాను. పడుకుని తెల్లారాక చూస్తే మేం చేరాల్సిన బావి ముప్పావు మైలు అవతల ఉంది. మా ప్లటూన్ సుబేదార్ సాబ్ ఏమీ అనలేదు. మర్నాడు ఒక దిబ్బకు అటూ ఇటూ తాడు పరిచి, నాతో ఎక్కించి దించి లెక్కపెట్టించాడు. వంద గజాలకు ఎక్కేప్పుడు నూట తొంభై, దిగేప్పుడు నూట ముప్ఫై. ఆ రెండు అంకెలూ సిగరెట్ అట్టమీద రాసి జేబులో పెట్టుకున్నాను. నువ్వు బరువు మోస్తుంటే నీ అంకె వేరే ఉంటుంది. ఇంకొకరిది అప్పు తెచ్చుకోకు.

ఇసుకను పుస్తకంలా చదివేవాళ్ళు అక్కడున్నారు, పాగీలంటారు. కాలిముద్ర చూసి మనిషి బరువు మోస్తున్నాడో లేదో, ఏ వేళకు వెళ్ళాడో చెప్పగలరు. సరిహద్దు గస్తీవాళ్ళు వాళ్ళను వెంట తీసుకెళ్ళేవారు. ఒక పాగీ మా వరస అడుగులు చూసి, వెనక నుంచి మూడోవాడు కుంటుతున్నాడన్నాడు. సాయంత్రం కాళ్ళ తనిఖీలో చూస్తే మూడోవాడి మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ ఉంది. మేజోడులో ఇసుక.

6. గుంట నిలవదు

మన నేలలో పార వేస్తే గోడ నిలుస్తుంది. అక్కడ ఎంత తవ్వితే అంత జారి పడుతుంది. మనిషి లోతు గుంటకు మూడింతల వెడల్పు తవ్వి, ఇసుక బస్తాలు పేర్చి, పొదల కొమ్మలు అల్లి నిలబెట్టాలి. గాలి వీస్తే పొద్దునకు సగం పూడిపోతుంది. మళ్ళీ తవ్వాలి. దీనికి ఉపాయం ఏదీ లేదు. ఉందని ఎవరైనా చెబితే వాడు తవ్వలేదన్నమాట.

7. ఉత్తరంలో ఏం రాయాలో ముందే అనుకో

ఎక్కడున్నామో రాయకూడదు. చిరునామా అంటే పేరు, నంబరు, 56 ఎ.పి.ఓ. అంతే. మా సెక్షన్‌లో నలుగురికి చదువు లేదు, వాళ్ళ ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి. కాబట్టి ఎవరి భార్యకు నెల తప్పిందో, ఎవరి ఎద్దు చచ్చిపోయిందో నాకు తెలిసేది. ఆ సమాచారం ఒకరిది ఇంకొకరికి చెప్పకుండా ఉండటం గస్తీ కంటే కష్టం.

నా సొంత ఉత్తరంలో మాత్రం, ఊరి పేరు లేదు కదా అని, "అమ్మా, ఇక్కడ ఎటు చూసినా ఇసుకే" అని రాశాను. మా అమ్మ కంభం చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూడని మనిషి. ఇసుకంటే సముద్రమని ఎవరో చెప్పారట. మూడు వారాలకు జవాబు వచ్చింది. స్నానానికి లోతుకు వెళ్ళొద్దు, అలలు లాక్కుపోతాయి, పడవ ఎక్కొద్దు అని. అది చదివిన రోజు నా వాటా నీళ్ళు మగ్గుడు. సెక్షనంతా పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత నెలల తరబడి ఎవరు బయలుదేరినా "అలలు జాగ్రత్త" అనేవాళ్ళు.

8. ఇసుక ఎవరి పక్షమూ కాదు

1997లో 'బోర్డర్' సినిమా వచ్చాక మా ఊళ్ళో నన్ను కూడా లోంగేవాలా వీరుడనుకున్నారు. నేనక్కడ లేను. అది మాకు ఉత్తరాన, జైసల్మేర్ వైపు. డిసెంబర్ 4 అర్ధరాత్రి దాటాక 23 పంజాబ్ వాళ్ళ ఒక్క కంపెనీ మీదికి టాంకుల దళం వచ్చింది. నాయకుడు మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ, మనుషులు మాలాగే నూట ఇరవై మంది. సినిమాలో వరసగా చనిపోతారు. నిజంగా ఆ పోస్టులో మనవాళ్ళు పోయింది ఇద్దరు. మన హంటర్ విమానాలకు రాత్రి చూపు లేదు, తెల్లారేదాకా కాసుకోవాలి. ముళ్ళతీగ చూసి వెనకాల మందుపాతరలున్నాయని అవతలివాళ్ళు ఆగారు. వాళ్ళ టాంకులు చాలా మెత్తటి ఇసుకలో దిగబడ్డాయి. పొద్దు పొడిచాక విమానాలు వచ్చాయి.

ఆ కబురు ట్రాన్సిస్టర్‌లో విన్నప్పుడు మేం ఎగిరి గంతులేశాం. అదే వారంలో మా శక్తిమాన్ లారీలు అలాగే దిగబడ్డాయి. టైర్లలో గాలి తీసి, చక్రాల కింద పొదలూ ఇనప పట్టీలూ పరిచి తోసుకుంటూ పోయాం. తోసేప్పుడు నాకు అనిపించింది, మా నెత్తిమీదికి విమానాలు రాకపోవడం మా అదృష్టమే అని. మా ముందు సైన్యం నయా ఛోర్ దాకా వెళ్ళి ఆగింది. ఆగడానికి కారణాల్లో నీళ్ళూ దారీ కూడా ఉన్నాయి. మునాబావ్ దగ్గర రైలు పట్టాలు అవతలి ఖోఖ్రాపార్ దాకా కలిపింది కూడా అందుకే, లారీలు మోయలేనిది రైలు మోస్తుందని.

9. తెలిసిన చెట్టు ఒకటి వెతుక్కో

అక్కడ నీడనిచ్చే చెట్టు ఖేజ్రీ. సింధీలో కండీ అంటారు. ఆకు మేకలకు, కాయ ఎండబెట్టి కూరకు. మొదటి నెలలన్నీ దాని కింద పడుకున్నాం గానీ అది మన జమ్మి చెట్టేనని ఎవరికీ తట్టలేదు. అనంతపురం కుర్రాడొకడు ఆకు నలిపి చూసి చెప్పాడు. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో 1730లో ఈ చెట్లు నరకొద్దని అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. మా సుబేదార్ సాబ్‌కు ఆ కథ తెలుసు. మారువేషం కొమ్మలకు ఫోగ్, జిల్లేడు కొట్టుకోమనేవాడు, ఖేజ్రీ మీద కత్తి పడనిచ్చేవాడు కాదు.

1972 దసరాకు తుపాకులన్నీ ఆ చెట్టు మొదట్లో పేర్చి బొట్లు పెట్టాం. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు కింద మా ఆయుధాలు. పక్క ఢాణీ పెద్దాయన వచ్చి చూశాడు. మా ఆకు మీకెందుకని అడిగాడు. బంగారమని చెప్పి చేతిలో పెట్టాను. ఆయన నవ్వి, మేకకు పెట్టాడు.

10. వెళ్ళేప్పుడు గుంట పూడ్చి వెళ్ళు

డిసెంబర్‌లో వెనక్కి రమ్మన్నారు. పద్నాలుగు నెలలు తవ్విందంతా నాలుగు రోజుల్లో పూడ్చాం. గాలి మిగతాది చూసుకుంటుందని తెలుసు, అయినా పూడ్చాం. మేకలు పడతాయి.

సెలవు మీద బయలుదేరితే ఇక్కడ జై ఆంధ్ర ఉద్యమం. రైళ్ళు ఎక్కడికక్కడ ఆగిపోతున్నాయి. గుంతకల్లు నుంచి గిద్దలూరు చేరడానికి, బాడ్మేర్ నుంచి గుంతకల్లు రావడానికి పట్టినంత సేపూ పట్టింది. ఇంటికొచ్చాక ఒక సంగతి గమనించాను. కర్నూలు జిల్లా అని రాయించుకుని పట్టాళంలో చేరాను, ఎడారి నుంచి ఒంగోలు జిల్లాకు ఉత్తరాలు రాశాను, తిరిగి వచ్చింది ప్రకాశం జిల్లాకు. మా ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.